ఆసుపత్రి మంచానికి పాలసీ ఉంది, ఇంట్లో మంచానికి లేదు

నాన్నకి పక్షవాతం వచ్చి 11 రోజులు ఆసుపత్రిలో ఉంటే 3 లక్షల 40 వేలు బిల్లయింది, ఆరోగ్య బీమా పాలసీలో దాదాపు అంతా వచ్చేసింది, హమ్మయ్య అనుకుని ఇంటికి తెచ్చుకున్నాం. అసలు ఖర్చు అప్పుడు మొదలైంది. పగలూ రాత్రీ ఉండే అటెండెంటుకి నెలకి 26 వేలు, ఫిజియోథెరపీ, డైపర్లు, అద్దె మంచం, గాలి పరుపు, ఎంత లేదన్నా నెలకి 40 వేలు. అలా 14 నెలలు. పాలసీ నుంచి ఒక్క రూపాయి రాలేదు.

ఆయన పోయాక నాకు భయం పట్టుకుంది, రేపు అమ్మకి, ఆ తర్వాత నాకు ఇలాగే అయితే? ఏజెంటుని అడిగితే "అన్నీ కవరవుతాయి సార్" అన్నాడు. ఈసారి నమ్మకుండా నాలుగు పాలసీల కాగితాలు తెప్పించి రెండు రాత్రులు కూర్చుని చదివా. ఎక్స్‌క్లూజన్ 05 అని ఒక మినహాయింపుంది, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన మాటలు కాబట్టి నాలుగింటిలోనూ అదే: స్నానం చేయించడం, బట్టలు తొడగడం, లేపి నడిపించడం లాంటివి ఇంట్లో అయినా, నర్సు చేసినా మామూలు మనిషి చేసినా, వాటికి డబ్బు రాదు.

క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ నా పేరు మీద 20 లక్షలకి తీసుకున్నా. వాళ్ల జాబితాలో ఉన్న పెద్ద జబ్బు ఏదైనా వస్తే ఆ మొత్తం ఒకేసారి చేతికిస్తారు, ఎలా ఖర్చుపెట్టుకున్నా అడగరు. కానీ పక్షవాతమైతే దానివల్ల వచ్చిన లోపం శాశ్వతమైనదని, కనీసం 3 నెలలైనా ఉందని రుజువు కావాలి. వయసు మీదపడి లేవలేకపోవడం వాళ్ల జబ్బుల జాబితాలోనే లేదు.

అమ్మకి 71, షుగర్. 65 దాటినవాళ్లకీ పాలసీలున్నాయి గానీ ప్రీమియం చూసి కళ్లు తిరిగాయి. 70 దాటినవాళ్లకి వచ్చే ఆయుష్మాన్ కార్డు తీయించాం, ఏడాదికి 5 లక్షలు, అదీ ఆసుపత్రిలో చేరితేనే. నాన్న డబ్బు 15 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో వేశాం. 8.2 శాతం, మూడు నెలలకోసారి 30,750 పడుతుంది. రెండేళ్లు దాటాక మధ్యలో తీస్తే అసల్లో 1 శాతం కోస్తారు, అంతే. తమ్ముడూ నేనూ నెలకి చెరో 5 వేలు ఆర్‌డీలో కడుతున్నాం.

నాన్నలా 14 నెలలైతే ఇది బాగానే సరిపోతుంది. మా నాయనమ్మలా ఆరేళ్లు మంచాన ఉంటే సరిపోదు, ఆ లెక్క వేసి చూశాక తమ్ముడూ నేనూ కాసేపు ఏం మాట్లాడుకోలేదు.

మొన్న వడ్డీ పడగానే అమ్మ అడిగింది, "నేను మంచాన పడకపోతే ఈ డబ్బంతా ఏం చేస్తార్రా?" అని. నిన్ను కాశీ తీసుకెళ్తాం అన్నాడు తమ్ముడు. అయితే కాళ్లు ఆడుతుండగానే తియ్యండి టికెట్లు అంది.