పశువుల డాక్టరని పూర్తిగా చెప్పమ్మా

పోయిన డిసెంబరులో అమెరికా నుంచి విశాఖ వెళ్లాం, మా అన్నయ్య వాళ్ల గృహప్రవేశానికి. ఎం.వి.పి. కాలనీలో కొత్త ఫ్లాటు. పాలు పొంగాయి, వ్రతం అయింది, భోజనాలు నడుస్తున్నాయి. మా దొడ్డమ్మ నా కూతురి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుని "ఏటి చదువుతున్నావమ్మా?" అని అడిగింది. పిల్ల నోరు తెరిచేలోపే నేను అందుకుని "డాక్టరు కోర్సు దొడ్డమ్మా, మూడో ఏడు" అనేశాను. దొడ్డమ్మ ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్లుగా బాధపెడుతున్న మోకాలి గురించి మొదలుపెట్టింది. మా అమ్మాయి ఒకసారి నా వైపు చూసింది. తర్వాత ఆవిడ చెప్పిందంతా ఓపిగ్గా విని, "మీ డాక్టరు గారికి తప్పకుండా చూపించుకోండి అమ్మమ్మా" అని మాత్రం చెప్పింది.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం దాటి నడుస్తుంటే అంది: "అమ్మా, నా గురించి ఎవరికి చెప్పినా ‘పశువుల’ అనే మాట మింగేస్తావు. చెప్తే పూర్తిగా చెప్పు. సిగ్గయితే అసలు చెప్పకు."

తెలుగులోనే అంది. కోపమొచ్చినా ఏడుపొచ్చినా ఇంగ్లీషులోకి వెళ్లిపోయే పిల్ల, ఈ ఒక్క మాటా నాకు సరిగ్గా అందాలని కాబోలు, ఆగి ఆగి మాటలు వెతుక్కుని తెలుగులో అంది. అప్పటినుంచి ఆ మాట నన్ను వదల్లేదు.

సిగ్గేమీ లేదని చెప్పాను తనతో. అది అబద్ధం. అమెరికాలో వెటర్నరీ కాలేజీలు ముప్పై పైచిలుకే ఉన్నాయి, మెడికల్ కాలేజీలు వాటికి ఎన్నో రెట్లు. నాలుగేళ్ల డిగ్రీ చదువుతూనే క్లినిక్కుల్లో, డెయిరీల్లో, షెల్టర్లలో వందల గంటలు పనిచేసి ఉంటేగానీ అప్లికేషనుకి బలం రాదు. ఆ తర్వాత మళ్లీ నాలుగేళ్లు. ఇవన్నీ నాకు తెలుసు, ఆ సీటు కోసం ఎదురుచూసిన నెలల్లో తనతోపాటు నాకూ నిద్రలేదు. అయినా మనవాళ్ల ముందు నుంచునేసరికి "మెడిసిన్ రాలేదా, పాపం" అని ఎవరంటారోనన్న భయం గొంతుకి అడ్డం పడుతుంది, ఆ ఒక్క మాటా లోపలే ఉండిపోతుంది.

మనుషుల డాక్టరు ఒక్క శరీరం చదువుతాడు. వీళ్లు కుక్కతో మొదలుపెట్టి పిల్లి, గుర్రం, ఆవు, గొర్రె, పంది, కోడి దాకా వెళ్లాలి. గుర్రానికి పిత్తాశయం ఉండదు, అది వాంతి చేసుకోలేదు. ఆవు కడుపులో నాలుగు గదులు. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ ఒక్క బిళ్ల పిల్లి ప్రాణం తీయగలదు. ఒకదానికి మందు ఇంకోదానికి విషం, ఎందులో పొరపాటు పడినా నోరులేని జీవానికి దెబ్బ. ఇదంతా బుర్రలో పెట్టుకుని వారం వారం పరీక్షలు, ఆఖరి ఏడు పూర్తిగా ఆస్పత్రి డ్యూటీలు, ఆ మధ్యలోనే 360 ప్రశ్నల లైసెన్సు పరీక్ష. విశాఖలో ఉన్న మూడు వారాలూ మా అమ్మాయి, మా అమ్మ మంచం మీద పడుకుని ఫోనులో ఫ్లాష్‌కార్డులు తిప్పుతూ తిప్పుతూ అలాగే నిద్రపోయేది. ఫోను ఛాతీ మీద, కళ్లద్దాలు ముఖం మీద. మా అమ్మ తీసి పక్కన పెట్టేది.

అప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. లక్షన్నర డాలర్లు దాటిన అప్పుతో బయటికొచ్చే పిల్లలు అమెరికాలో మామూలు, జీతాలు చూస్తే మనుషుల డాక్టర్లతో సమానం కావు.

మొదటి ఏడాది ఒకసారి ఇంటికొచ్చినప్పుడు "చేతులకి ఫార్మలిన్ వాసన పోవట్లేదమ్మా, చేత్తో అన్నం తినాలనిపించట్లేదు" అంది. రోజూ గంటల తరబడి అనాటమీ ల్యాబులో, ఫార్మలిన్‌లో నిలవ ఉంచిన జంతువుల కళేబరాల దగ్గర నిలబడి వస్తున్న పిల్ల. నేనేమనుకున్నానో తెలుసా, స్పూనుతో తినడానికి వంక అనుకున్నాను. చిన్నప్పటి నుంచి చేత్తో తినమని పోరాడుతున్నాను కదా, అన్నీ ఆ పోరాటంలో భాగంగానే కనిపించేవి. "మన అలవాటు వదలకు" అని ఉపన్యాసమిచ్చాను. తను మారుమాట్లాడకుండా చేత్తోనే తింది. ఆ ముద్దలు ఎలా మింగిందో ఇప్పుడు తలచుకుంటే నాకు కడుపులో తిప్పినట్టుంటుంది.

ఇంకోసారి డెయిరీ నుంచి నేరుగా వచ్చింది, రాత్రంతా ఈనలేని ఆవు దగ్గర ఉండి. గుమ్మంలోనే ఆపి, స్నానం చేశాకే వంటింట్లోకి రమ్మన్నాను. మా ఇంట్లో పూజగది వంటింటి పక్కనే. కార్తీకమాసం, దీపం పెట్టి ఉంది. నేను చిన్నప్పుడు మా తాతయ్య పేడచేతులతోనే పెరట్లోంచి వచ్చి నన్నెత్తుకునేవాడు, ఆ వాసనంటే నాకు ప్రాణం. నా కూతురి ఒంటి మీద అదే వాసన వస్తే గుమ్మంలో ఆపాను. దూడ బతికిందో లేదో అడగాలని కూడా తోచలేదు.

కానీ వీటన్నిటికన్నా ముందుదొకటుంది. డిగ్రీలో ఉండగా ఒక క్లినిక్కులో సహాయకురాలిగా చేసేది. పంతొమ్మిదేళ్లు. ఒక రాత్రి ఫోన్ చేసింది. ముసలి కుక్క, ఇక లాభం లేదని యజమానులు ఒప్పుకున్నారట, డాక్టరు ఇంజెక్షను ఇస్తుంటే కుక్క తల పట్టుకుని ఉన్నది మా అమ్మాయే. వెక్కుతూ చెబుతోంది. నేను ఓదార్చాలనే అన్నాను, ఒట్టు, ఓదార్చాలనే: "కుక్కే కదా అమ్మా, ఊరుకో."

అటువైపు ఏడుపు ఆగిపోయింది. నా ఓదార్పు పనిచేసిందనుకున్నాను. ఆ తర్వాత ఇలాంటి విషయానికి తను నాకు ఫోన్ చేయలేదు. చేయలేదని గమనించడానికే నాకు రెండేళ్లు పట్టింది.

రెండో ఏట కాలేజీలో కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నానని చెప్పినప్పుడు నాకు అవమానంగా అనిపించింది. ఇంట్లో అమ్మ ఉండగా బయటివాళ్లకి చెప్పుకోవడమేమిటి అన్నాను. "కుక్కే కదా" అన్న అమ్మ ఉండగా, అని తను అనలేదు. అనొచ్చు. ఆ రోజుల్లోనే ఒక వార్త చదివాను. అమెరికాలో 1979 నుంచి 2015 వరకు జరిగిన మరణాలను అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాళ్లు పరిశీలిస్తే, ఆత్మహత్యతో పోయే ప్రమాదం మామూలు జనంతో పోల్చితే మహిళా వెటర్నరీ డాక్టర్లలో 3.5 రెట్లు, మగవాళ్లలో 2.1 రెట్లు ఉందని తేలిందట. ఆ రాత్రి హాల్లో లైటు వేసుకుని కూర్చున్నాను. తెల్లవారాక ఫోన్ చేసి, కౌన్సెలర్ దగ్గరికి మానకుండా వెళ్లమ్మా అన్నాను. ఎందుకు మాట మార్చానో చెప్పలేదు. తనకి ఆ లెక్కలు నాకన్నా ముందే తెలిసి ఉంటాయి.

విశాఖలో మా వదిన వాళ్ల మేనకోడలు కలిసింది. గరివిడి వెటర్నరీ కాలేజీలో బి.వి.ఎస్సీ చదువుతోంది, ఐదున్నరేళ్ల కోర్సు. ఇద్దరూ మేడ మీద పిట్టగోడనానుకుని రెండు గంటలు మాట్లాడుకున్నారు, ఈ అమ్మాయి వచ్చీరాని తెలుగులో, ఆ అమ్మాయి కాలేజీ ఇంగ్లీషులో. బట్టలు తీయడానికి వెళ్లి నేనూ విన్నాను. ఇద్దరూ కోర్సులో రేబిస్ టీకాలు వేయించుకున్నవాళ్లే. భుజం దాకా తొడుగు వేసుకుని ఆవు లోపల చెయ్యి పెట్టి చూడటం, చెయ్యి మొద్దుబారిపోవడం, ముందు వారమంతా ఏమీ తెలియక ఏడుపు రావడం, ఒకరోజు ఉన్నట్టుండి వేలికి గర్భసంచి తగలడం, ఇద్దరిదీ ఒకటే కథ. ఊళ్లోకి వెళ్తే రైతులు "మగ డాక్టరు గారు రాలేదామ్మా" అంటారని గరివిడి పిల్ల చెప్పింది. అక్కడా అంటారని మా పిల్ల చెప్పింది. నేను ఎండిన చీరలు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నాకెప్పుడూ చెప్పని సంగతులు పరిచయమైన గంటకే ఆ పిల్లకి చెబుతోంది.

రెండ్రోజుల తర్వాత పెందుర్తి మీదుగా కొత్తవలస అవతల మా తాతయ్య ఊరికి వెళ్లాం. ఇల్లు లేదు, శాల లేదు. అప్పట్లో మా పశువుల్ని చూసుకున్న పెద్దాయన ఉన్నాడు, ఎనభై దాటాయి. మా అమ్మాయి ఆయన ముందు కూర్చుని పశువులకి ఏయే జబ్బులొచ్చేవని అడిగింది. ఆయన చెబుతున్నాడు, గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు, పొదుగువాపు. అర్థంకాని చోట తను నన్ను అడుగుతోంది, ఫోనులో రాసుకుంటోంది. గాలికుంటు దగ్గర ఆగిపోయింది. నోట్లో పుళ్లు, గిట్టల మధ్య పుళ్లు, నడిస్తే కుంటడం అని ఆయన చెప్పగానే కళ్లు పెద్దవి చేసి "అది గాలిలో కూడా వ్యాపిస్తుందమ్మా, గాలి, కుంటు, పేరులోనే ఉంది!" అంది. అమెరికాలో ఆ జబ్బు చివరిసారి వచ్చింది 1929లో. తన ప్రొఫెసర్లలో కూడా చాలామంది కళ్లతో చూసి ఉండరట. ఈయన ఏటేటా చూశాడు.

నేను ఇరవై ఏళ్లు తెలుగు నేర్పాను. శతక పద్యాలు, వేసవి క్లాసులు, ఆదివారాలు. తనకి కావలసిన తెలుగు ఇక్కడుందని నాకు తెలియదు. తెలియదనడం కూడా సరికాదు, తెలిసే వదిలేసి వచ్చాను.

అప్పుడు తను అడిగింది: "మరి ముసలెడ్లని ఏం చేసేవారు?"

ఇక్కడ ఒకటి చెప్పాలి. ప్రాణం తీసే ఇంజెక్షను గురించి నేను తనతో చాలాసార్లు వాదించాను. మన దగ్గర అలా చేయరు, మనం ప్రాణం పోస్తాం గానీ తీయం అనేదాన్ని, చాలా నమ్మకంగా. పెద్దాయన నేల వైపు చూసి "అలమండ సంతకి తోలేవోళ్లం తల్లీ" అన్నాడు. ముసలెద్దుని సంతలో ఎవరు కొంటారో, ఎక్కడికి తీసుకెళ్తారో ఎవరూ చెప్పక్కర్లేదు. సంత రోజు రాత్రి తాతయ్య అన్నం తినేవాడు కాదని నాకప్పుడు గుర్తొచ్చింది. ఒంట్లో బాగోలేదనేవాడు, మేం పిల్లలం నమ్మేవాళ్లం. అది తనకి చెప్పాను. మా అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "తాతయ్యకి కూడా చెప్పుకోడానికి ఎవరూ లేరన్నమాట" అంది.

తిరుగు దారిలో కారులో తనే మొదలుపెట్టింది. ఇప్పటివరకు ఎన్నిటి తలలు పట్టుకుందో, డబ్బు చాలక వైద్యం వద్దనుకున్న కుటుంబాలు, బతికే కుక్కని చంపమని అడిగినవాళ్లు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. నేను మధ్యలో మాట్లాడలేదు. నోటికొచ్చిన ప్రతి ఓదార్పూ "కుక్కే కదా" లాగే ఉంటుందేమోనని భయమేసింది.

పిల్లలు ఇలాంటి చదువు ఎంచుకుంటే ఏం చేయాలని మా ఊళ్లో ఒకరిద్దరు తల్లులు నన్ను అడుగుతుంటారు. మార్కులు అడక్కండి, ఈ రోజు ఏ జంతువుని చూశావని అడగండి అని చెబుతుంటాను. బాగానే ఉంటుంది వినడానికి. నేను అలా అడిగితే మా అమ్మాయి ఒక్కోసారి గంటసేపు చెబుతుంది, ఒక్కోసారి "అలసిపోయానమ్మా, వద్దు" అంటుంది. వద్దన్న రోజు అది అలసటేనా, లేక మళ్లీ నా నుంచి దాస్తోందా అని రాత్రంతా ఆలోచిస్తాను. తెల్లారి మెసేజి పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి వస్తుంది. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు తెలియదు.

పోయిన శనివారం తను ఇంటికొచ్చింది, గుడికి వెళ్లాం. కొత్తగా వచ్చిన తెలుగావిడ పరిచయమై, మీ అమ్మాయి ఏం చేస్తోందండీ అని అడిగింది. "పశువుల డాక్టరు చదువుతోందండీ" అన్నాను. గొంతు అడ్డం పడలేదు. ఆవిడ "ఓహో" అంది. అంతే, అంతకు మించి ఏమీ అనలేదు. నేనే ఊరుకోలేక, "ఇక్కడ అది మెడిసిన్ కన్నా కష్టమండీ, సీటు రావడం" అని చేర్చాను.

మా అమ్మాయి పక్కనే ఉంది, ప్రసాదం ప్లేటు పట్టుకుని. నేను తన వైపు చూడలేదు. ఇంటికొచ్చేదాకా కారులో ఇద్దరం వేరే విషయాలు మాట్లాడుకున్నాం.