అనంతపురం, మంగళవారం: ఓర్పు కొలవడం కాదు

పొద్దున పదికే ఫ్యాను వేడిగాలి కొడుతోంది. ఇవాళ ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్ళంతా నొప్పులుండే జబ్బు, పేషెంట్లు ముగ్గురు. ఎంత ఒత్తిడికి నొప్పి మొదలవుతుందో కొలిచే ఆల్గోమీటరు తీయగానే ముల్లు సున్నా మీద ఉందా అని ఒకసారి, కొన రబ్బరు బిళ్ళ అరిగిందా అని ఇంకోసారి చూసుకోవాలి. బిళ్ళ సరిగ్గా 1 చదరపు సెంటీమీటరు ఉండాలి. అంచు అరిగితే బరువంతా ఒక పక్కకే పోయి గుచ్చుకుంటుంది, అంకె తక్కువ వస్తుంది.

రెండో ఆమె శింగనమల వైపు నుంచి వచ్చింది. శెనక్కాయ చేలో కలుపు తీసిన చేతులు. మెడకూ భుజానికీ మధ్య కండ మీద మీటరు నిలువుగా ఆనించి, సెకనుకు 1 కిలో చొప్పున ఒత్తిడి పెంచాం. 3.8 దాకా పోయాక 'ఆ' అంది. అప్పటికే కాలివేళ్ళు ముడుచుకొని ఉన్నాయి.

"ఎప్పుడు మొదలైందమ్మా?"

"శానా సేపైంది సార్. ఓర్చుకుంటి."

ఇక్కడే కొలత తప్పుతుంది. మనకు కావలసింది ఒత్తిడి నొప్పిగా మారే తొలి క్షణం. ఆమె చెప్పింది ఎంత తట్టుకోగలదో. "చెప్పమ్మా" అంటే చాలదు. ముందు ముంజేతి మీద ఒకసారి నొక్కి చూపించి, "ఒత్తినట్టుండేది నొప్పి అయిన వెంటనే అనాలి, పంటి బిగువున పట్టుకోవద్దు" అని చెప్పాలి. ఆ తర్వాత అదే చోట, అరనిమిషం ఎడంతో, మూడుసార్లు: 1.7, 1.5, 1.6. సగటు 1.6.

తొందరపడి నొక్కినా చెడుతుంది. నొప్పి తెలిసి నోరు తెరిచేసరికి అరసెకను పోతుంది. సెకనుకు 2 కిలోలు పెంచేవాళ్ళకు అక్కడే 1 కిలో ఎక్కువ పడుతుంది. డయలు పేషెంటుకు కనపడకూడదు, అంకె చూసి ఆగేవాళ్ళున్నారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు కములుతుంది కాబట్టి ముందే అడగాలి.

చేతి బొటనవేలి గోరు మీద కూడా తీశాం. మోకాలు అరిగినవాళ్ళకు మోకాలి దగ్గర అంకె ఎలాగూ తగ్గుతుంది, దాంతో తేలేదేమీ లేదు. ఏ జబ్బూ లేని గోరు మీద కూడా తగ్గిందంటే నొప్పిని పెద్దది చేస్తున్నది నాడీవ్యవస్థే అన్న అనుమానం బలపడుతుంది. 2002లో గ్రేస్లీ అనే పరిశోధకుడి బృందం గోటినే నొక్కుతూ మెదడు స్కాన్లు తీసింది. మామూలువాళ్ళకు పట్టే ఒత్తిడిలో సగానికి కాస్త ఎక్కువకే ఫైబ్రోమయాల్జియా పేషెంట్లకు అంత నొప్పీ తెలిసింది.

ఇంతా చేసి ఈ అంకెతో జబ్బు నిర్ధారణ కాదు. 1990 పద్ధతిలో 18 చోట్ల బొటనవేలితో 4 కిలోలు నొక్కి, కనీసం 11 చోట్ల నొస్తే ఫైబ్రోమయాల్జియా అనేవారు. ఎవరి బొటనవేలు 4 కిలోలు నొక్కుతుందో ఎవరికి తెలుసు! 2010లో ఆ నొక్కుడు తీసేశారు. 2016 సవరణ ప్రకారం 19 చోట్లలో కనీసం 7 చోట్ల నొప్పి, అలసట, నిద్ర, మతిమరుపు వంటి లక్షణాల స్కోరు కనీసం 5 ఉండాలి. లేదా 4 నుంచి 6 చోట్ల నొప్పి, స్కోరు కనీసం 9. ఒళ్ళంతా విస్తరించి, 3 నెలలుగా ఉండాలి. మన మీటరు వ్యాయామం మొదలుపెట్టాక మార్పు ఉందా లేదా చూడటానికే. అందుకే మళ్ళీ అదే మనిషి, అదే గంటకు తీయాలి.

కార్డు మీద 1.6 రాశాం, మాత్ర వేసుకున్న టైము కూడా. 3.8ని కొట్టేయలేదు. పక్కన 'ఓర్పు' అని రాసి ఉంచాం.