పాత సీఆర్టీ ప్రొజెక్టర్ ట్యూబులు ఎంత అరిగాయో లెక్క కట్టుకున్న నా అనుభవం

వాడిన సీఆర్టీ ప్రొజెక్టర్ (పాత టీవీల్లోలా పిక్చర్ ట్యూబులతో నడిచేది) ఎక్కడైనా అమ్మకానికి వస్తే ఎవరైనా అడిగే మొదటి మాట ఎన్ని గంటలు తిరిగింది అనే. నాకు డల్లాస్ దగ్గర దొరికింది ఎలక్ట్రోహోమ్ కంపెనీ వాళ్ల మార్కీ 8500 మోడల్, ఒక ఆఫీసు ట్రైనింగ్ రూమ్ నుంచి తీసేసిన పీసు. మెనూలో 7,100 గంటల చిల్లర చూపిస్తోంది. అమ్మేవాళ్లు ఆ అంకె చూపించి ఇంకో మూడు వేల గంటలు హాయిగా వస్తుంది అన్నారు, ఎందుకంటే ఈ ట్యూబుల ఆయుష్షు పది వేల గంటలు అని ఈ ప్రొజెక్టర్లు వాడేవాళ్లందరూ చెప్పుకునే ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది. ఆ లెక్కని ఎంతవరకు నమ్మొచ్చు, ట్యూబు అసలు ఎంత అరిగిందో ఎలా కనిపెట్టాలి, ఇంట్లో పెట్టుకున్నాక ఆ అరుగుదలని ఎలా రాసుకుంటూ పోవాలి అని నేను చేసిందంతా ఇక్కడ రాస్తున్నా, ఇలాంటి మిషన్ ఇంకా వాడుతున్నవాళ్లు మనవాళ్లలో ఉంటే పనికొస్తుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇప్పటి ప్రొజెక్టర్లలో లాంపో లేజరో ఉంటుంది, లాంపు పోతే ఇంకోటి వేస్తాం. సీఆర్టీలో లాంపే లేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు ట్యూబులు పక్కపక్కన ఉంటాయి, నా దాంట్లో ఒక్కోటి 8 అంగుళాలది, ఒక్కోదానికి ఒక లెన్స్, ఆ మూడు బొమ్మలూ తెర మీద ఒకదాని మీద ఒకటి కచ్చితంగా పడేలా మనమే సెట్ చేసుకోవాలి. వెలుగు వచ్చేది ట్యూబు లోపల గాజుకి పూసిన ఫాస్ఫర్ నుంచే, ఎలక్ట్రాన్లు దాన్ని కొడుతున్నంతసేపు అది వెలుగుతుంది, కొట్టించుకున్న కొద్దీ డల్ అవుతుంది. ఈ మార్కీలు కెనడాలో ఒంటారియోలోని కిచెనర్‌లో తయారయ్యేవి, 1999లో ఆ ప్రొజెక్టర్ల వ్యాపారం క్రిస్టీ అనే కంపెనీ వాళ్లకి వెళ్లింది. సిమ్యులేటర్లు, కంట్రోల్ రూములు, పెద్ద కంపెనీల మీటింగ్ హాళ్లు డిజిటల్‌కి మారిపోయాక ఇవి చాలా తక్కువ ధరకి బయటికొచ్చాయి. నాకెందుకు కావాల్సొచ్చిందంటే నలుపు కోసం. సీఆర్టీలో నలుపు అంటే ఎలక్ట్రాన్ల బీమ్ ఆగిపోవడమే, నిజంగా చీకటి. మన పాత నలుపు తెలుపు సినిమాలు దీని మీద చూస్తే ఇంకో దాని మీద చూడబుద్ధి కాదు, ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నా.

సరే, మీటర్ విషయం. ఆ మీటర్ లెక్కపెట్టేది కాలాన్ని మాత్రమే. ట్యూబు అరిగేది కాలం వల్ల కాదు, ఫాస్ఫర్ మీద ప్రతి చదరపు సెంటీమీటరుకీ మొత్తంగా ఎంత కరెంటు పడిందన్న దాన్ని బట్టి. బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో పనిచేసిన ఫాన్ల్ అనే ఆయన 1961లో దీని మీద రాశారు, ఇప్పటికీ ఆ సూత్రాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. పడ్డ ఛార్జి పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది, మొదట్లో చకచకా తగ్గి తర్వాత నెమ్మదిస్తుంది. అంటే కాంట్రాస్ట్ పైకి పెట్టి రోజంతా తెల్లటి స్ప్రెడ్‌షీట్ చూపించిన ప్రొజెక్టర్ 4,000 గంటలకే అరిగిపోయి ఉండొచ్చు, చీకటి గదిలో సినిమాలే చూసినది 9,000 దాటినా బాగుండొచ్చు. మా ఊళ్లో పాత ట్రాక్టర్లకి ఉండే అవర్ మీటర్ దీనికన్నా నయం, అది ఇంజన్ స్పీడుని బట్టి తిరుగుతుంది కాబట్టి ఊరికే ఐడిల్‌లో పెట్టిన గంట పూర్తి గంటగా పడదు. ప్రొజెక్టర్ మీటర్‌కి ఆ తేడా తెలియదు. పిక్చర్ మ్యూట్ చేసి వదిలేసినా గంటలు పడుతూనే ఉంటాయి, అప్పుడు ట్యూబు హీటర్ వెలుగుతూ ఉంటుంది గానీ ఫాస్ఫర్‌కి ఏమీ కాదు. ఇంకో సంగతి, ఈ గంటల అంకె ఎలక్ట్రానిక్ బోర్డు మెమరీలో ఉంటుంది, ట్యూబులో కాదు. మధ్యలో ఎవరైనా బోర్డు మార్చి ఉంటే ఆ అంకె వేరే ప్రొజెక్టర్‌ది, ట్యూబు మార్చి ఉంటే ఆ ట్యూబుకి ఆ అంకెతో సంబంధమే లేదు. అందుకే అమ్మేవాళ్లు చెప్పే గంటల్ని పక్కన పెట్టి ముందు ట్యూబు ముఖం చూడాలి.

చూడటం ఎలాగంటే, ప్రొజెక్టర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు లెన్స్‌లోంచి టార్చ్ వేసి లోపలికి చూడాలి. పూత అంతా ఒకే రంగులో ఉంటే మంచిది, మధ్యలో ఒక దీర్ఘచతురస్రం కాస్త గోధుమ రంగులోనో బూడిద రంగులోనో కనిపిస్తే అదే అరుగుదల. ఇక్కడ చాలామందిని తికమకపెట్టేది ట్యూబు ముందు ఛాంబర్లో ఉండే గ్లైకాల్ ద్రవం. ట్యూబుని చల్లగా ఉంచడానికి పోసే ఆ ద్రవం పాతబడితే మసకబారుతుంది, ఫంగస్ కూడా పడుతుంది, చూస్తే ట్యూబే పాడైందేమో అనిపిస్తుంది. తేడా ఏంటంటే ద్రవం మసకకి సరిహద్దు ఉండదు, అంతటా పాకి ఉంటుంది. ఫాస్ఫర్ అరుగుదలకి గీత గీసినట్టు అంచు ఉంటుంది. ద్రవం మార్చుకోవచ్చు, పూత మార్చలేం.

టార్చ్‌తో చూసింది సగం పరీక్షే. అసలైనది రాస్టర్‌ని, అంటే బీమ్ ట్యూబు ముఖం మీద గీసే వెలుగు డబ్బాని, పెంచి చూడటం. సైజు కంట్రోల్స్‌తో రాస్టర్‌ని పాత వాడకం కన్నా పెద్దది చేసి, ఒక్కో ట్యూబునే ఆన్‌లో ఉంచి పూర్తి తెలుపు సిగ్నల్ ఇస్తే ఇన్నాళ్లూ వాడని అంచు కూడా వెలుగుతుంది, వాడిన భాగం వాడని భాగం పక్కపక్కనే తెర మీద కనిపిస్తాయి. (రాస్టర్ గాజు అంచు దాటి పోకుండా చూసుకోవాలి, ట్యూబు మెడ దగ్గర నీడ పడుతుంటే ఆపేయాలి, ఎక్కువసేపు ఉంచకూడదు కూడా.) నా ఎరుపు ట్యూబులో దాదాపు ఏమీ లేదు. ఆకుపచ్చలో 4:3 (పాత టీవీ తెర) ఆకారం లేతగా ఉంది. నీలంలో మాత్రం ఆ డబ్బా స్పష్టంగా కనబడింది, పైగా కింద వైపు ఒక పట్టీ ఇంకా ముదురుగా, అది కంప్యూటర్ టాస్క్‌బార్ అని చూడగానే అర్థమైంది, ఏళ్ల తరబడి అదే చోట అదే వెలుగు. ట్యూబు ముఖం మీద బొమ్మ తలకిందులుగా ఉంటుంది కాబట్టి లెన్స్‌లోంచి చూసినప్పుడు ఆ పట్టీ పైవైపు కనపడుతుంది, ఇది గుర్తుపెట్టుకుంటే రెండు పరీక్షలూ ఒకదానికొకటి సరిపోతాయి.

నీలమే ఎందుకంటే దాని కెమిస్ట్రీ అలాంటిది. ఎరుపులో వాడేది యూరోపియం కలిపిన ఇట్రియం ఆక్సైడ్, గట్టి పదార్థం. నీలం వెండి కలిపిన జింక్ సల్ఫైడ్, అది త్వరగా అరుగుతుంది, పైగా కరెంటు పెంచినా ఒక హద్దు దాటాక ఆ మేరకు వెలుగు పెరగదు. అందుకే సెట్ చేసేవాళ్లు నీలం ట్యూబు ఫోకస్‌ని కావాలనే కాస్త వదులు చేస్తారు, చుక్క పెద్దదయితే అదే కరెంటుకి వెలుగు ఎక్కువొస్తుంది, ఆ కొద్దిపాటి మసకని కంటికి పట్టుకోవడం కష్టం.

పూత ఒక్కటే కాదు, ట్యూబు వెనక ఎలక్ట్రాన్ గన్‌లో ఎలక్ట్రాన్లు వదిలే కాథోడ్ కూడా ముసలిదవుతుంది. అది వేరే రోగం. కాథోడ్ బలహీనమైతే తెర అంతా సమానంగా డల్ అవుతుంది, ఎక్కువ వెలుగున్న చోట అలుక్కుపోతుంది, ఆన్ చేశాక వేడెక్కి పూర్తి వెలుగు రావడానికి చాలా టైమ్ పడుతుంది. టీవీ రిపేర్ చేసే ఒక పెద్దాయన దగ్గర పాత సెన్‌కోర్ ట్యూబ్ టెస్టర్ ఉంటే అరువు తెచ్చుకుని మూడింటి ఎమిషన్ (గన్ ఎన్ని ఎలక్ట్రాన్లు వదులుతోందో) చూశా, మూడూ బాగానే ఉన్నాయి. ఆయన నాకు చెప్పింది ఒకటే, ఈ టెస్టర్ గన్ గురించే చెబుతుంది, పూత గురించి దీనికేమీ తెలియదు, గుడ్ అని చూపించిందని మురిసిపోకు అని. నూటికి నూరుపాళ్లు నిజం, ఎందుకంటే అరిగిన నా నీలం ట్యూబుకి కూడా అది గుడ్ అనే చూపించింది. (ఈ పని చేసేవాళ్లకి ఒక మాట, లోపల 30 వేల వోల్టులకు పైనే ఉంటుంది, ఆఫ్ చేశాక కూడా ఛార్జి మిగిలి ఉంటుంది, తెలిసినవాళ్లు పక్కన లేకుండా మూత తీయొద్దు.)

ఇంటికి తెచ్చుకున్నాక అసలు పని మొదలైంది, అరుగుదలని అంకెల్లో పెట్టడం. దీనికి ఖరీదైన సామానేమీ అక్కర్లేదు, వెలుగు కొలిచే మామూలు లక్స్ మీటర్ చాలు, కానీ ప్రతిసారీ అన్నీ అలాగే ఉండాలి. అరగంట వేడెక్కనిచ్చి, గది పూర్తిగా చీకటి చేసి, కాంట్రాస్ట్ బ్రైట్‌నెస్ ఎప్పుడూ అవే అంకెల మీద పెట్టి, తెర మధ్యలో గుర్తు పెట్టుకున్న చోటే మీటర్ ఉంచి, ఒక్కో ట్యూబు విడివిడిగా కొలుస్తా. పూర్తి తెలుపు వెయ్యను, తెర అంతా తెల్లగా ఉంటే ప్రొజెక్టర్ తనంతట తానే బీమ్ కరెంటుని తగ్గించేస్తుంది, ఆ రీడింగ్ ట్యూబు గురించి చెప్పదు. నలుపు మధ్యలో చిన్న తెల్లడబ్బా ఉన్న ప్యాటర్న్ వేస్తా. లక్స్ మీటర్ మన కంటికి తగ్గట్టు తయారైంది కాబట్టి నీలానికి ఎప్పుడూ చిన్న అంకే వస్తుంది, అది చూసి కంగారు పడక్కర్లేదు, నీలాన్ని నీలంతోనే, దాని పాత రీడింగ్‌తోనే పోల్చాలి. లెన్స్ వల్ల మూలల్లో వెలుగు సహజంగానే తగ్గుతుంది, కాబట్టి మధ్యలో కన్నా అంచులో ఎక్కువొచ్చిందంటే అది చాలావరకు అరుగుదలే.

దాంతోపాటు నోట్‌బుక్‌లో గంటలు కూడా రాస్తా, కానీ ఒట్టి గంటలు కాదు. కాంట్రాస్ట్ ఎంత మీద నడిచింది, 4:3 బొమ్మా 16:9 (వెడల్పు తెర) బొమ్మా అనేది కూడా. కాంట్రాస్ట్ 80 నుంచి 50కి దించితే బీమ్ కరెంటు సగం కాదు, ఇంకా ఎక్కువే తగ్గుతుంది, ఎందుకంటే సీఆర్టీలో వోల్టేజీ పెరిగితే కరెంటు దాని ఘాతంలో పెరుగుతుంది, ఆ ఘాతాన్ని (గామా అంటారు) 2.2 అనుకుని లెక్కేస్తే సుమారు మూడో వంతుకి వస్తుంది. మెనూలో అంకె వోల్టేజీకి సరిగ్గా సమానుపాతంలో ఉంటుందని కాదు గానీ ఏ వైపు ఎంత మారుతుందో తెలియడానికి ఇది చాలు. ఈ లెక్క చూశాకే నేను తెర సైజు తగ్గించి కాంట్రాస్ట్‌ని 50 దగ్గరికి తెచ్చా, చీకటి గదిలో కంటికి ఏ లోటూ అనిపించలేదు.

రాస్టర్ ఎంత పెద్దది పెట్టాలన్నది మాత్రం చాలా రోజులు తేల్చుకోలేని విషయం. ట్యూబు ముఖం మీద ఎంత ఎక్కువ చోటు వాడితే కరెంటు అంత పరుచుకుని అరుగుదల తగ్గుతుంది, సూత్రం ప్రకారం అదే కరెక్ట్. కానీ అప్పటికే అరిగిన డబ్బా ఉన్న ట్యూబులో రాస్టర్‌ని ఆ డబ్బా దాటిస్తే కుడి ఎడమల్లో తెల్లటి అంచులు గీతల్లా కనబడతాయి, తెల్లటి ఆకాశం ఉన్న ప్రతి సీన్‌లోనూ కళ్లు అక్కడికే పోతాయి. ఆకుపచ్చ, ఎరుపుల్లో దాటించి చూసినా పర్లేదు, నీలంలో ఒప్పుకోలేకపోయా. మూడూ ఒకే సైజులో ఉండాలి కాబట్టి రాస్టర్‌ని పాత డబ్బా లోపలే పెట్టి, అరుగుదల కాస్త ఎక్కువైనా బొమ్మ అంతటా సమానంగా ఉండనిచ్చా. 16:9 సినిమాలే చూస్తూ పోతే మధ్య పట్టీ ఒక్కటే అరిగి, తర్వాత పాత 4:3 సినిమా వేసినప్పుడు పైనా కిందా తెల్లగా తేలుతుంది, అందుకే రెండు రకాలూ కలిపి చూసేలా చూసుకుంటున్నా, ఎలాగూ నాకు పాతవే ఎక్కువ ఇష్టం.

అరుగుదల తేడా ఎక్కడ బయటపడుతుందంటే ఈ నలుపు తెలుపు సినిమాల్లోనే. రంగుల సినిమాలో నీలం కాస్త తగ్గితే గమనించం, బూడిద రంగులో మాత్రం మధ్యలో పసుపు ఛాయ తేలుతుంది. నోట్‌బుక్‌లో నీలం రీడింగ్ మొదటిదానితో పోలిస్తే ముప్పావు వంతుకి పడిపోయినప్పుడు గ్రే స్కేల్ (బూడిద రంగు సరిగా వచ్చేలా మూడు రంగుల పాళ్లు) ఎంత సవరించినా మధ్యకీ అంచుకీ కుదరలేదు, మధ్యలో సరిచేస్తే అంచు నీలంగా మారేది. అప్పుడు పార్టుల కోసం అమ్ముతున్న ఇంకో మార్కీ నుంచి నీలం ట్యూబు తెచ్చి, ఈ పనిలో చెయ్యి తిరిగిన ఒక మిత్రుడు పక్కన ఉండి నడిపిస్తుండగా మార్చాం. కొనే ముందు దాని మీద కూడా రాస్టర్ పెంచే పరీక్ష చేయించి ఫోటో తెప్పించుకున్నా, దాని గంటల అంకె అడగనే లేదు. ట్యూబు పెట్టాక జీ2 (గన్‌లోని రెండో గ్రిడ్) వోల్టేజీ, ఫోకస్, కన్వర్జెన్స్ (మూడు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టడం) అన్నీ మొదటి నుంచి చేసుకోవాలి, దానికే ఎక్కువ ఓపిక కావాలి.

ఇప్పుడు నోట్‌బుక్‌లో మూడు ట్యూబులకీ మూడు వరుసలు వేరువేరుగా ఉన్నాయి. ప్రొజెక్టర్ మెనూలో అంకె మూడింటికీ ఒకటే చూపిస్తుంది, నా లెక్కలో నీలానికి మళ్లీ సున్నా నుంచి మొదలైంది, దాని పక్కనే మొదటి రోజు లక్స్ రీడింగ్ ఉంది. ప్రతి రెండు వందల గంటలకీ ఒకసారి కొలిచి కింద రాస్తున్నా. ఆకుపచ్చ రీడింగ్ చాలా నెమ్మదిగా దిగుతోంది, ఎరుపు మొదటి రీడింగ్ నుంచి పెద్దగా కదల్లేదు.