మినియాపోలిస్‌లో ఒక చెత్త సినిమా కోసం

థ్యాంక్స్‌గివింగ్ వారంలో చికాగో నుంచి మినియాపోలిస్‌కి ఏ టికెట్టు చూసినా మామూలు రోజుల ధరకి దొరకదు. హోటలువాళ్లు గది అద్దె మీద పార్కింగు, దాని మీద పన్ను, ఆ పైన సౌకర్యాల రుసుమని ఇంకోటి వడ్డించారు. కారే లేదు మొర్రో అంటే, ఆ పార్కింగు తీయించడానికి కౌంటరు దగ్గర అరగంట నిలబెట్టారు. అయినా వెళ్తే ఈ వారమే వెళ్లాలి. ‘మిస్టరీ సైన్స్ థియేటర్ 3000’ అనే టీవీ షో పుట్టింది ఈ ఊళ్లోనే, 1988 నవంబర్ 24న, థ్యాంక్స్‌గివింగ్ రాత్రే. కేటీఎంఏ అనే లోకల్ స్టేషను, చానల్ 23. తర్వాత కామెడీ సెంట్రల్ అనే కేబుల్ చానల్‌కి వెళ్లాక 1991లో ఇదే పండక్కి పాత ఎపిసోడ్లు వరసపెట్టి 30 గంటలు వేశారు. అప్పట్నుంచీ అభిమానులకి ఇది టర్కీ డే, పండక్కి వండే టర్కీ కోడి పేరు మీద. పండగ నాడు ఇంట్లో టీవీలో ఆ ఎపిసోడ్లు మోగుతూ ఉండాల్సిందే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అంతరిక్షంలో ఒక మనిషిని బంధించి, పిచ్చి శాస్త్రవేత్తలు అతనికి బలవంతంగా అట్టర్ ఫ్లాప్ సినిమాలు చూపిస్తుంటారు. అతను తోడు కోసం రోబోలని చేసుకుంటాడు. సినిమా మొదలవగానే తెర కింద, కుడి మూలన మూడు నీడలు కనిపిస్తాయి. మధ్యలో మనిషి, అటూ ఇటూ క్రో, టామ్ సర్వో అనే రోబోలు. సినిమా నడిచినంతసేపూ ఆ ముగ్గురూ కౌంటర్లు వేస్తూనే ఉంటారు. జోయెల్ హాడ్జ్‌సన్ మొదలుపెట్టాడు, 1993లో అతను వెళ్లిపోయాక మైక్ నెల్సన్ ఆ కుర్చీలో కూర్చున్నాడు. 1999లో ఆగిపోతే, 2015లో అభిమానులే కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్లో 57 లక్షల డాలర్లకి పైగా పోగేసి మళ్లీ బతికించారు.

మొదటి రోజంతా చెప్పుకోదగ్గదేమీ లేదు. షో చాలా ఏళ్లు తయారైన ఈడెన్ ప్రైరీ శివారుకి వెళ్లినా అక్కడ చూసేదేమీ ఉండదు, ఆఫీసులూ గోదాములూ తప్ప. చలి. ఒకచోట వైల్డ్ రైస్ సూప్ తాగాను. చిక్కగా, క్రీముతో బాగానే ఉంది, పచ్చిమిరపకాయ ఒకటి తగిలి ఉంటే ఇంకా బాగుండేది. మర్నాడు సాయంత్రం దక్షిణం వైపు ఒక పాత సింగిల్ స్క్రీన్ హాల్లో అభిమానులు ‘మానోస్: ద హ్యాండ్స్ ఆఫ్ ఫేట్’ అనే చెత్త సినిమాని ఆడుకున్న ఎపిసోడ్ పెద్ద తెర మీద వేస్తున్నారు. అసలు ప్రయాణం అక్కడికి వెళ్లే బస్సులోనే మొదలైంది.

డౌన్‌టౌన్ నుంచి చికాగో అవెన్యూ అనే వీధి మీదుగా డి లైన్ బస్సు. టికెట్టు ఎక్కకముందే స్టాపులో మిషన్ దగ్గర తీసుకోవాలి, డ్రైవరు డబ్బు తీసుకోడు. షెల్టరులో హీటరు ఉంది గానీ దానంతటది వెలగదు. స్తంభానికున్న మీట నొక్కితే కాసేపు ఎర్రగా కాలి ఆరిపోతుంది, మళ్లీ నొక్కాలి. ఆ మీట నొక్కుతున్న పెద్దాయన చంకలో దుప్పటి చుట్టిన మూట ఒకటి ఉంది. బస్సెక్కి దుప్పటి తీస్తే క్రో. బంగారు రంగు, పొడుగు ముక్కు, పింగ్‌పాంగ్ బంతుల కళ్లు. పక్క సీటు ఖాళీగా ఉందా అని అడిగితే, “కూర్చోండి, కానీ ముక్కుకి మోచెయ్యి తగలనివ్వకండి” అన్నాడు.

క్రోని ఎలా చేయాలో హాలు దాకా చెప్పాడాయన. ముక్కు అంటే పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ బౌలింగ్ పిన్. దాన్ని నిలువునా రెండుగా కోస్తే పైదవడ, కింద దవడ వస్తాయి. తల వెనక జల్లెడలా కనిపించేది ఆటగాళ్లు మొహానికి కట్టుకునే ప్లాస్టిక్ మాస్కు. కళ్లు కూర్చునేది సబ్బు పెట్టె మీద. ఒంటికి టప్పర్‌వేర్ ట్రేలు. జోయెల్ హాడ్జ్‌సన్ ఇవన్నీ ఇంటి సామాను లోంచే తెచ్చాడు. సర్వో తల బబుల్‌గమ్ గోళీల మిషన్ బొమ్మ, ఒళ్లు పీపా ఆకారపు డబ్బుల డిబ్బీ. చూసినవాడు ‘ఇది మా ఇంట్లోనూ ఉందే’ అనుకోవడంలోనే ఆ రోబోల ఆకర్షణంతా ఉంది. అందుకే ఇంతమంది ఇళ్లలో చేసుకుంటున్నారు.

కష్టమంతా రంగు దగ్గర. ఈ బౌలింగ్ పిన్నులు పాలిథిలిన్‌వి. దాని మీద స్ప్రే రంగు కొడితే ఆ రోజు అద్భుతంగా ఉంటుంది, వారం తిరిగేసరికి దవడ కదిలే చోట పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. మామూలు ప్రైమరు కూడా పట్టదు. ముందు డిష్ సబ్బుతో కడిగి జిడ్డు వదిలించాలి. తర్వాత 220 నంబరు ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాలి. ఆపైన ప్లాస్టిక్‌కి రంగు పట్టించే అడ్‌హీషన్ ప్రమోటరు ఒక పొర, అది ఆరిపోకముందే, డబ్బా మీద రాసిన నిమిషాల్లోపే రంగు మొదటి పొర. అది కూడా పల్చగా, మూడు నాలుగు సార్లు. ఒక్కసారే చిక్కగా కొడితే కారుతుంది, లోపల తడి నిలిచిపోయి వేలిముద్రలు పడతాయి. పింగ్‌పాంగ్ బంతుల దగ్గరికి ఎసిటోన్ రానివ్వకూడదు, మెత్తబడి ముడుచుకుపోతాయి. బంతికి కన్నం చాకుతో పొడిస్తే చీలుతుంది. సన్నని డ్రిల్లు బిట్టుతో మొదలుపెట్టి మెల్లగా పెద్దది చేసుకోవాలి.

నోటి సంగతి ఇంకో పాఠం. దవడ వెనక చిన్న కీలు, దానికి సైకిలు బ్రేకు కేబులు, కింద చేత్తో పట్టుకునే గొట్టానికి బ్రేకు లివరు. లివరు నొక్కితే నోరు తెరుచుకోవాలి, వదిలితే స్ప్రింగు మూయాలి. చాలామంది దీన్ని తిరగేసి పెడతారట, నొక్కితే మూసుకునేలా. అప్పుడు రోబో ఊరికే ఉన్నంతసేపూ నోరు వెళ్లబెట్టుకుని ఉంటుంది, చేతికీ విశ్రాంతి ఉండదు. స్ప్రింగు మరీ గట్టిదైతే పది నిమిషాలకి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. కేబులు ఎక్కువ వంపు తిరిగితే లోపల రాసుకుని నోరు ఆలస్యంగా కదులుతుంది, మాటకీ నోటికీ పొంతన ఉండదు. బస్సులోనే లివరు నా చేతికిచ్చి నొక్కమన్నాడు. ‘టక్’మని తెరుచుకుంది. ముందు సీట్లో పిల్లాడు వెనక్కి తిరిగి అలా చూస్తూ ఉండిపోయాడు.

సర్వో తలకి కావాల్సిన ఆ గోళీల మిషను ఇప్పుడు తయారు కావడం లేదు. పాత సామాన్ల దుకాణాల్లో దొరికితే అదృష్టం, దొరక్కపోతే అభిమానులు అచ్చు తీసి అమ్మే నకళ్లు కొనుక్కోవాలి. వాటి ధర వింటే గుండె గుభేల్మంటుంది. పారదర్శకమైన తలని పలచగా, బుడగల్లేకుండా, గీతల్లేకుండా అచ్చు తీయడం తేలిక పని కాదు మరి.

హాలు దగ్గర పాప్‌కార్న్ ధర కూడా అదే తంతు. దాని గురించి ఎక్కువ చెప్పను. కానీ లోపల చూసింది మాత్రం నేననుకున్నది కాదు. మన దగ్గర బాగోలేని సినిమాకి వెళ్తే నేల క్లాసు లోంచి ఒక కుర్రాడు వేసే కౌంటరుకి హాలంతా గొల్లుమంటుంది. అది ఆ ఆటకే. సాయంత్రం ఆటకి ఆ కుర్రాడుండడు, ఆ మాటా ఉండదు. హీరో అభిమానులు పక్కనుంటే ఆ ఒక్క మాటా ఉండదు. ఇక్కడ కూడా అలాంటి కేకలే ఉంటాయనుకున్నాను. షో మొదలవకముందే నిర్వాహకులొచ్చి మొదటిసారి చూసేవాళ్లు చేతులెత్తమన్నారు. ఓ ముప్ఫై చేతులు లేచాయి. వాళ్ల కోసం మిగతావాళ్లు ముందే డైలాగులు అనకండి అని కోరారు. ప్రతి మాటా కంఠతా వచ్చినవాళ్లతో నిండిన హాలు చివరిదాకా ఆ మాట నిలబెట్టుకుంది. మోకాళ్లకి దిండ్లు కట్టుకుని, ‘మానోస్’లోని టోర్గో పాత్ర వేషంలో వచ్చినాయన కూడా నవ్వాడే తప్ప నోరు మెదపలేదు.

ఆ నిశ్శబ్దం వల్లే షో పనితనం తెలిసింది. కౌంటరు పడేది డైలాగుకీ డైలాగుకీ మధ్య సందులో. డైలాగు మీద పడితే కథ పోతుంది, కథ పోతే తర్వాతి నాలుగు జోకులు అర్థం కావు. కేటీఎంఏ రోజుల్లో చాలావరకు అప్పటికప్పుడు అనేసేవారు. తర్వాత పద్ధతి మారింది. రచయితలంతా ఒక టీవీ చుట్టూ చేరడం, కాస్త నడిపి ఆపడం, తోచిందల్లా అనడం, ఒకరు టైమ్‌కోడ్‌తో సహా టైపు చేయడం. అందులోంచి ఏరుకుంటే ఒక్కో ఎపిసోడ్‌కి 600 పైచిలుకు జోకులు మిగిలేవి. ఎగతాళి చేయడానికి ఆ సినిమాని దర్శకుడికన్నా ఎక్కువసార్లు చూసి ఉంటారు. నీడల ఏర్పాటూ అంత సులువేం కాదు. కుర్చీల వరసని ఫోమ్ బోర్డులో కోసి నల్లరంగు వేసి, తెల్లని వెనకతెర ముందు నల్లబట్టల్లో కూర్చుని, బొమ్మల్ని పైకెత్తి పట్టుకుని, ఎదురుగా మానిటరు మీద సినిమా చూస్తూ చెప్పాలి. ఆ నల్లని ఆకారాల్ని సినిమా బొమ్మ మీద అతికిస్తారు.

‘మానోస్’ వీళ్లకి పరీక్ష లాంటి సినిమా. 1966లో టెక్సస్‌లోని ఎల్ పాసోలో ఎరువులు అమ్ముకునే హెరాల్డ్ వారెన్, హారర్ సినిమా ఎవడైనా తీయగలడని పందెం కాసి, సుమారు 19,000 డాలర్లతో తీశాడు. కెమెరా చేత్తో కీ ఇచ్చి తిప్పేది, ఒక్కసారి కీ ఇస్తే 32 సెకన్లకి మించి నడవదు. అందుకే ఏ సీనూ నిలదొక్కుకోదు, షాటు మొదలైన చోటే తెగిపోతుంది. ధ్వని రికార్డు చేసే వీల్లేదు, తర్వాత కొద్దిమంది గొంతులతోనే అందరికీ డబ్బింగ్ చెప్పించారు. చిన్నపిల్ల పాత్రకీ పెద్దావిడ గొంతే. రాత్రి సీన్లలో లైట్ల వెలుగు దూరం వెళ్లదు. పోలీసులు తుపాకి మోత విని కారు దిగి, నాలుగడుగులు వేసి, మళ్లీ కారెక్కేస్తారు. ఐదో అడుగు వేస్తే చీకటి మరి. మొదట్లో కారు ప్రయాణం ఎంతకీ తెగదు, పేర్లు వేద్దామని ఉంచిన ఆ భాగంలో పేర్లు వేయనేలేదు. 1993 జనవరి 30న ఈ ఎపిసోడ్ వచ్చినప్పుడు ఆ పిచ్చి శాస్త్రవేత్తలు కూడా, ఇది పంపినందుకు జోయెల్‌కి క్షమాపణ చెప్పుకుంటారు.

ఆ ఎపిసోడ్ రాకపోతే ‘మానోస్’ని ఎల్ పాసో కూడా మర్చిపోయేది. అది చూసి పెరిగిన తరంలోంచే బెన్ సోలోవీ అనే కుర్రాడు 2011లో దాని అసలు 16 ఎంఎం వర్క్‌ప్రింట్, అంటే ఎడిటింగ్‌కి వాడిన రీలు, సంపాదించాడు. జనం దగ్గర చందాలెత్తి, మురికి వదిలించి, బ్లూరే దాకా తెచ్చాడు. ఎగతాళి చేసినవాళ్ల వల్లే ఆ సినిమా బతికింది. ఈ అభిమానానికి ఇంతకన్నా రుజువు నాకక్కర్లేదు.

ఇంటర్వెల్లో పెద్దాయన టేపుల సంగతి చెప్పాడు. ఎపిసోడ్ ప్రకటనలతో కలిపి రెండు గంటలు, అంటే టీ-120 వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్ ఎస్‌పీ అనే మామూలు స్పీడులో సరిగ్గా ఒకటి. ఈపీ అనే నెమ్మది స్పీడులో మూడు ఎపిసోడ్లు పడతాయి గానీ బొమ్మ అలుక్కుపోతుంది, దానికి కాపీ తీస్తే రంగులు పక్కకి కారతాయి. అందుకే ఎవరి దగ్గరైనా టేపు అడిగేముందు ‘ఎన్నో తరం కాపీ’ అని అడిగేవారట. ఖాళీ క్యాసెట్లు, తిరుగు పోస్టేజీ పంపితే కాపీ వచ్చేది. సినిమాల హక్కులు కొన్నేళ్లకే ఉండేవి కాబట్టి కొన్ని ఎపిసోడ్లు మళ్లీ వేయడం కుదిరేది కాదు. ముగింపు పేర్లలో టేపులు పంచుకుంటూ ఉండమని షోవాళ్లే రాశారు. ఆ ఒక్క వాక్యంతో పోస్టాఫీసులే వీళ్లకి టీవీ స్టేషన్లయ్యాయి.

కొత్తవాళ్లు ‘మానోస్’తో మొదలుపెట్టొద్దని పెద్దాయన సలహా, నాదీ అదే మాట. సినిమాలో నిశ్శబ్దం ఎక్కువ, చీకటి ఎక్కువ, అలవాటు లేనివాళ్లకి కునుకు పడుతుంది. 1997 నాటి ‘స్పేస్ మ్యూటినీ’ ఎపిసోడ్ చూడండి. అంతరిక్ష నౌక అని చెప్పి ఫ్యాక్టరీ లోపల తీశారు, ఇటుక గోడలు కనిపిస్తూనే ఉంటాయి. హీరో కండలు చూసి రోబోలు నిమిషానికో కొత్త పేరు పెడుతుంటాయి. విలను చంపేసిన అమ్మాయి ఆ వెంటనే వచ్చే సీనులో ఏమీ జరగనట్టు తన సీట్లో కూర్చుని పనిచేసుకుంటూ ఉంటుంది. ఆ సీను దగ్గర టీ కోసం లేవకండి.