పది గంటల్లో తీర్పు

2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ మన దేశానికి వచ్చిన కొద్ది రోజులకే డల్లాస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేసి, "అర్జెంటుగా 'మేకింగ్ ఎ మర్డరర్' చూడవే, అయ్యేదాకా గూగుల్ మాత్రం చెయ్యకు" అన్నాడు. పది ఎపిసోడ్లు, దాదాపు పది గంటలు. శుక్రవారం రాత్రి మొదలుపెట్టి ఆదివారం మధ్యాహ్నానికి పూర్తి చేశాను, అన్నం కూడా ల్యాప్‌టాప్ ముందే. స్టీవెన్ ఏవరీ నిర్దోషి అని నాలుగో ఎపిసోడ్‌కే తేల్చేశాను. మిగతా ఆరూ నా తీర్పు ఎంత కరెక్టో చూసుకోవడానికి చూసినట్టే.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. ఇది నిజంగా జరిగిన కేసు మీద తీసిన డాక్యుమెంటరీ సిరీస్. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం. ఏవరీ చెయ్యని అత్యాచారానికి 18 ఏళ్ళు జైల్లో ఉన్నాడు, 2003లో డీఎన్‌ఏ పరీక్షతో బయటికొచ్చాడు, తనని లోపలేసిన కౌంటీ మీద దావా వేశాడు. ఆ దావా నడుస్తుండగానే 2005లో ఒక ఫొటోగ్రాఫర్ అమ్మాయి హత్య కేసులో మళ్ళీ అరెస్టయ్యాడు, 2007లో యావజ్జీవం పడింది. సాక్ష్యాలు పోలీసులే పెట్టారన్నది డిఫెన్స్ వాదన. సిరీస్ కూడా ఎక్కువగా ఆ వాదన వెంటే నడుస్తుంది. వదిలేయమని వైట్‌హౌస్‌కి లక్ష మందికి పైగా అర్జీ పెట్టారు, మా అన్నయ్యతో సహా. ఇది రాష్ట్ర కోర్టు శిక్ష, అధ్యక్షుడికి క్షమాభిక్ష పెట్టే అధికారం లేదని జవాబొచ్చింది. ఆ సంగతి సంతకం పెట్టేముందు మావాడు చూసుకోలేదు, నేనైనా చూసుకునేదాన్ని కాదనుకోండి.

సిరీస్ అయ్యాక అన్నయ్య వద్దన్న పని చేశాను. గూగుల్ చేశాను. ఆ అమ్మాయి కారు బానెట్ కొక్కెం మీద ఏవరీ డీఎన్‌ఏ దొరికిందని, అది చెమటదని ప్రాసిక్యూషన్ చెప్పిందట. పది గంటల్లో ఆ ముక్క లేదు. అది కూడా పెట్టిన సాక్ష్యమే అని వాదించొచ్చు, వాదించారు కూడా, కానీ ఆ వాదన వినే అవకాశం నాకివ్వలేదు కదా అనిపించింది. తర్వాత ఇంకోటి బయటపడింది. కోర్టులో ఒక పోలీసు ఒక ప్రశ్నకి చెప్పిన 'అవును'ని తీసి సిరీస్‌లో వేరే ప్రశ్నకి జవాబుగా అతికించారు. ఆయన పరువునష్టం దావా వేశాడు, దురుద్దేశం రుజువు కాలేదని 2023లో కోర్టు కొట్టేసింది. చట్టం దృష్టిలో అది తప్పు కాకపోవచ్చు, కానీ ఆ సీన్ చూసి "దొరికాడ్రా దొంగ" అని సోఫాలోంచి లేచినదాన్ని నేనే.

అలాగని అంతా బూటకం అనడానికీ మనసొప్పదు. అందులో అదే హత్య కేసులో ఏవరీ మేనల్లుణ్ణి పోలీసులు ప్రశ్నించిన వీడియో ఉంది. పదహారేళ్ళవాడు, చదువులో వెనకబడినవాడు, పక్కన లాయరూ లేడు, అమ్మా లేదు. ఆ అమ్మాయి తలకి ఏం చేశారో చెప్పు, ఏం చేశారో చెప్పు అని డిటెక్టివ్‌లు అడుగుతుంటే జుట్టు కోశామంటాడు, కొట్టామంటాడు, పరీక్షలో జవాబు రానివాడు ఒక్కో ఆప్షనూ టిక్కు పెట్టుకుంటూ పోయినట్టు. చివరికి విసుగొచ్చి తల మీద కాల్చిందెవరని వాళ్ళే అడిగేస్తారు. ఇదంతా అయ్యాక ఆ పిల్లాడు అడిగింది, ఇంకెంతసేపు పడుతుంది, స్కూల్లో ప్రాజెక్టు ఇవ్వాలి అని. కాగితం మీద 'నిందితుడు నేరం అంగీకరించాడు' అనే ఒక్క వాక్యం కింద ఏముంటుందో నాకు మొదటిసారి కనిపించింది అక్కడే. ఆ కుర్రాడి శిక్షని ఒక ఫెడరల్ జడ్జి 2016లో కొట్టేస్తే, 2017 చివర్లో పై కోర్టు 4-3తో మళ్ళీ నిలబెట్టింది. ఏడుగురు జడ్జిలే అటు నలుగురు ఇటు ముగ్గురుగా చీలిపోయిన విషయం మీద నాకు వీకెండ్‌లో స్పష్టత వచ్చేసింది.

అన్నయ్య ఊరి కేసొకటి ఉంది. 1976లో డల్లాస్‌లో ఒక పోలీసుని కారులోంచి కాల్చి చంపారు. ర్యాండల్ డేల్ ఆడమ్స్ అనే అతనికి మరణశిక్ష వేశారు, ప్రధాన సాక్షి పదహారేళ్ళ డేవిడ్ హారిస్. 1979 మేలో శిక్ష అమలుకి మూడు రోజుల ముందు సుప్రీంకోర్టు జడ్జి ఒకాయన ఆపాడు, తర్వాత అది యావజ్జీవంగా మారింది. డైరెక్టర్ ఎరల్ మారిస్ టెక్సస్ వెళ్ళింది అసలు ఈ కేసు కోసం కాదు. వీడు బయటికొస్తే మళ్ళీ చంపుతాడు అని మరణశిక్ష కేసుల్లో జ్యూరీలకి చెప్పడమే పనిగా పెట్టుకున్న జేమ్స్ గ్రిగ్సన్ అనే సైకియాట్రిస్టు మీద సినిమా తీద్దామని వెళ్ళాడు. ఆయన సాక్ష్యంతో మరణశిక్ష పడ్డవాళ్ళని కలుస్తుంటే ఆడమ్స్ తగిలాడు. అలా 1988లో 'ద థిన్ బ్లూ లైన్' వచ్చింది. చివరి ఇంటర్వ్యూ రోజు కెమెరా పాడైపోతే ఉత్త టేప్ రికార్డర్ పెట్టుకుని హారిస్‌తో మాట్లాడాడు. ఆడమ్స్ నిర్దోషి అని నీకెలా తెలుసంటే, తెలిసినవాణ్ణి నేనే కాబట్టి అన్నట్టు చెబుతాడు హారిస్. తెర మీద టేప్ రికార్డర్ తప్ప ఏమీ ఉండదు. నాకు తెలిసిన థ్రిల్లర్లలో అంత టెన్షన్ పెట్టిన సీన్ ఇంకోటి లేదు. 1989లో ఆడమ్స్ విడుదలయ్యాడు, పన్నెండేళ్ళ తర్వాత. బయటికొచ్చాక తన జీవితకథ హక్కులు తనకే కావాలని మారిస్ మీదే కేసు వేశాడు, తర్వాత రాజీ కుదిరింది. ఈ కేసు సంగతి విన్న చాలామంది 'కృతజ్ఞత లేదు' అంటారు. నాకు మాత్రం ఆయన మీద గౌరవం పెరిగింది. ముందు పోలీసులు ఆయన కథ రాశారు, తర్వాత సినిమావాళ్ళు రాశారు, ఒక్కసారైనా సొంతం చేసుకోవాలని ఉండదా?

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది మాత్రం 'పారడైజ్ లాస్ట్' అనే మూడు భాగాల డాక్యుమెంటరీ. ఆర్కాన్సాలో 1993లో ముగ్గురు ఎనిమిదేళ్ళ పిల్లల్ని చంపారు. నల్లబట్టలు, హెవీ మెటల్ పాటలు, క్షుద్రపూజల పుకార్లు, వీటి మీదే చాలావరకు నడిచిన కేసులో ముగ్గురు టీనేజీ కుర్రాళ్ళకి శిక్ష పడింది, ఒకడికి మరణశిక్ష. 1996లో మొదటి సినిమా వచ్చాక జనం కదిలారు, చందాలొచ్చాయి, కొత్త లాయర్లొచ్చారు, 2011లో ముగ్గురూ బయటికొచ్చారు. డాక్యుమెంటరీ ప్రాణం కాపాడిందనడానికి ఇంతకంటే ఏం కావాలి. కానీ 2000లో వచ్చిన రెండో భాగం చూడండి. చనిపోయిన పిల్లల్లో ఒకడి సవతి తండ్రి వైపు కెమెరా తిరుగుతూనే ఉంటుంది. మనిషి వింతగా ఉంటాడు, గట్టిగా అరుస్తాడు, కెమెరా ముందు నాటకీయంగా మాట్లాడతాడు. సినిమా అయ్యేసరికి 'వీడే' అనిపిస్తుంది. మూడో భాగం వచ్చేనాటికి అదే మనిషి ఆ ముగ్గురూ నిర్దోషులని వాళ్ళ తరఫున మాట్లాడుతుంటాడు, సినిమా అనుమానమేమో ఇంకొకరి మీదకి మళ్ళుతుంది. ఆ కుర్రాళ్ళని జైలుకి పంపింది కూడా ఇదే కదా, చూడ్డానికి తేడాగా ఉన్నారు కాబట్టి చేసే ఉంటారు అనడం. ఆ తప్పుని తప్పని చూపించిన కెమెరానే ఇంకొకడి మీద అదే చేసింది. రెండుసార్లూ నేను తలూపాను.

ఇది నాకు కొత్త కాదని తెలియడానికి కొంచెం టైం పట్టింది. 2007 డిసెంబరులో నేను బెజవాడలో లేడీస్ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. అప్పుడే పక్కనే ఉన్న ఇబ్రహీంపట్నం హాస్టల్లో బీఫార్మసీ అమ్మాయిపై అత్యాచారం, హత్య. ఆ అమ్మాయి పేరు ఇక్కడ రాయను. వారం తిరక్కుండా మా హాస్టల్ సగం ఖాళీ అయింది, ఉన్నవాళ్ళం బాత్రూంకి కూడా ముగ్గురేసి వెళ్ళేవాళ్ళం. ఎనిమిది నెలల తర్వాత నందిగామ వైపు కుర్రాడు సత్యంబాబుని పట్టుకున్నామని పోలీసులు చెబితే, మెస్‌లో టీవీ చుట్టూ నిలబడి నేను మొదట ఊపిరి పీల్చుకున్నాను. అందరూ అలా లేరు. ఆ అమ్మాయి తల్లిదండ్రులే ఇతను కాదన్నారు. 2010లో యావజ్జీవం పడింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని విడుదల చేసి, ఖర్చుల కింద లక్ష రూపాయలు ఇవ్వమంది. ఎనిమిదేళ్ళకి పైగా లోపల ఉన్నవాడికి లక్ష. 2018లో కేసు సీబీఐకి వెళ్ళింది.

ఆ కేసు మీద అప్పుడు డాక్యుమెంటరీ లేదు. కానీ ప్రతి ఇంట్లో ఒకటి తయారైంది. ఎడిటింగ్ అంతా మేమే. సత్యంబాబు కాదు అనుకోగానే ఆ ఖాళీలో ఇంకొకర్ని కూర్చోబెట్టాం, రుజువేమిటో ఒక్కరికీ తెలీదు. ఇతను కాదు, అసలెవరో తెలీదు అని ఊరుకోవడం ఎవరి వల్లా కాలేదు, నా వల్ల కూడా.

మొన్న గుడివాడలో పెళ్ళికెళ్తే బంతి భోజనాల దగ్గర ఈ కేసు మాటే వచ్చింది. మా పిన్ని, "అసలు వాళ్ళెవరో అందరికీ తెలిసిందేగా" అంది. నేను తల ఊపబోయి ఆగాను.

"ఎలా తెలుసు పిన్నీ?"

"ఎలా ఏమిటే, అందరూ అంటుంటేనూ" అని, నా విస్తట్లో ఇంకో గరిటె పులిహోర వేసి, అవతలి వరసకి వెళ్ళిపోయింది.