మన్ననూరు గేటుకు ముందు

శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు ఉదయం 6 గంటలకు తెరుస్తారు. ఆ టైముకు అక్కడుండాలని హైదరాబాద్‌లో నాలుగింటికే బయల్దేరాం. డిసెంబరు చలి. డిండి దాటి, హజీపూర్ చౌరస్తా ఇంకో రెండు కిలోమీటర్లుందనగా మీటరులో పసుపు లైటు వెలిగింది. గుర్రపు నాడా లాంటి బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం: ఏదో టైరులో గాలి తగ్గిందని. ఏ టైరో మా కారు చెప్పదు.

"చలికి వచ్చుంటుందిలే" అన్నాను. చలికి ఐదారు డిగ్రీలు పడిపోతే టైరులో గాలి ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా తగ్గే మాట నిజమే. కానీ చలి వల్లే అయితే ఇంటి దగ్గరే వెలగాలి, రెండు గంటలు నడిచి టైర్లు వేడెక్కాక కాదు. ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు. వెనక సీట్లోంచి మామయ్యగారే, "ఆపి చూడు అల్లుడూ, అడవిలోకి పోయాక అడిగేవాడెవడు?" అన్నారు.

బ్రేకు గట్టిగా తొక్కకుండా, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, నలభైలో చౌరస్తా దాకా తెచ్చి టీకొట్టు వెలుతురులో ఆపాను. సెల్‌ఫోన్ లైటు వేసి చుట్టూ తిరిగితే నాలుగు టైర్లూ ఒక్కలాగే ఉన్నాయి! ట్యూబ్‌లెస్ టైరుతో వచ్చిన చిక్కే ఇది. గాలి కొలిచే గేజి పెట్టాను. మూడింట్లో 35, ఎడమ వెనకదాంట్లో 24.

టీకొట్టాయన పంక్చర్ షాపు కుర్రాణ్ణి నిద్ర లేపాడు. సబ్బునీళ్లు చల్లగానే ఒక చోట బుడగలు లేచాయి, చిన్న మేకు. "పీకలేదు కదా సార్? పీకుంటే ఇక్కడిదాకా వచ్చేవాళ్లు కాదు" అంటూ కటింగ్ ప్లేయర్‌తో లాగి, రంధ్రాన్ని ఆకురాయి సూదితో గీకి, సొల్యూషన్ పూసిన రబ్బరు పట్టీ దూర్చి, బయటి ముక్క బ్లేడుతో కోసేశాడు. పావుగంట పని.

డోరు పక్కనున్న స్టిక్కరు మీద 33 అని చూసి, మిగతా మూడింట్లో కూడా గాలి తగ్గించబోయాడు. వద్దన్నాను. ఆ 33 చల్లటి టైరుకు చెప్పిన లెక్క. వేడి మీద తీసేస్తే చల్లారాక గాలి తక్కువైపోతుంది.

గాలి నింపినా లైటు వెంటనే ఆరలేదు. మన్ననూరు దగ్గర ఎప్పుడు ఆరిందో కూడా చూడలేదు. ఈగలపెంట దాటాక ఘాట్ మలుపుల్లో, "అదిగో కృష్ణ, అదిగో డ్యాము" అని మామయ్యగారు చూపిస్తుంటే నా కళ్లు మాత్రం మీటరు మీదే.