1744 దగ్గరే ఆగిన ఊరు

కెనడా తూర్పు కొసన, నోవా స్కోషియాలోని కేప్ బ్రెటన్ దీవిలో ఉంది లూయిస్‌బర్గ్ కోట. కారు విజిటర్ సెంటర్ దగ్గరే వదిలేసి బస్సులో వెళ్లాలి. దిగేసరికి నడి వేసవిలోనూ పొగమంచు, ఎముకలు కొరికే సముద్రపు గాలి. డోఫాన్ గేటు దగ్గర తుపాకీ పట్టుకుని కాపలా సిపాయి వేషంలో ఉన్నతను మమ్మల్ని ఆపి, ఇంగ్లీషువాళ్ల గూఢచారులు కారు కదా అని నిలదీశాడు. లోపల నడుస్తున్నది 1744 మరి!

ఈ ఊరు ఫ్రెంచివాళ్లు 1713లో పెట్టుకున్నది. పేరు ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీది, తిండి పెట్టింది మాత్రం కాడ్ చేప. ఎండబెట్టిన కాడ్ ఇక్కణ్ణుంచే ఓడలకెక్కేది. 1745లో అమెరికాలోని బ్రిటిష్ వలసలైన న్యూ ఇంగ్లండ్ సేనలు ముట్టడించి పట్టుకున్నాయి. 1748 సంధితో తిరిగి ఫ్రాన్స్‌కి దక్కింది, 1758లో మళ్లీ బ్రిటిష్‌వాళ్ల చేతికి పోయింది. 1760లో బ్రిటిష్‌వాళ్లు కోటగోడల్ని మందుపెట్టి పేల్చేశారు.

అంటే ఇప్పుడు మనం చూసే గోడలు, ఇళ్లు దాదాపుగా కొత్తగా కట్టినవే. బొగ్గుగనులు మూతపడి కేప్ బ్రెటన్‌లో జనం రోడ్డున పడుతున్న రోజుల్లో, 1961లో కెనడా ప్రభుత్వం ఈ పని మొదలుపెట్టింది. గనుల్లోంచి బయటికొచ్చిన కార్మికులు రాళ్లు చెక్కడం, పాతకాలపు వడ్రంగం నేర్చుకుని పాత ఊళ్లో సుమారు నాలుగో వంతు మళ్లీ నిలబెట్టారు. పాత పటాలు, దస్తావేజులు, తవ్వకాల్లో దొరికినవి దగ్గర పెట్టుకుని కట్టారు. కాబట్టి దీన్ని సెట్టింగ్ అని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు.

తుపాకీ ప్రదర్శనకి జనం బాగా మూగారు. సిపాయి తుపాకీ మందున్న కాగితపు పొట్లాన్ని పళ్లతో చింపి, తుపాకీ పక్కనుండే చిన్న పళ్లెంలో చిటికెడు మందు పోసి, మిగతాది గొట్టంలోకి వంచి, ఊచతో కూరాడు. మీట లాగితే చెకుముకి చిటుక్కుమంది, అంతే. మంచుకి మందు చెమ్మగిల్లిందట. రెండోసారి ముందు పళ్లెంలో మెరుపు, వెంటనే చెవులు గింగురుమనే మోత, గంధకం కంపు.

నన్ను పట్టేసింది మాత్రం బేకరీ. రై అనే ధాన్యపు పిండి కలిపిన సిపాయి రొట్టె పొయ్యిలోంచి అప్పుడే తీశారు. చేత్తో విరిస్తే పెంకు పెళపెళలాడింది, లోపల ముతకగా, పుల్లగా ఉంది. ఆరు పౌండ్ల రొట్టె ఒక్కొక్కరికి నాలుగు రోజులు రావాలి. తెల్ల రొట్టె ఆఫీసర్లకి.

సిపాయిలు ఉండే కింగ్స్ బాస్టియన్ బ్యారక్స్‌లో ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. ఒకే పొడవాటి భవనం. ఒక కొసన గవర్నర్ గదులు, పట్టు తెరల మంచం. ఇటువైపు చెక్క మంచాలు, గడ్డి పరుపులు, ఒక్కోదాని మీద ఇద్దరు ముగ్గురు సిపాయిలు. కోట కట్టే పనిలో తమ కూలి ఆఫీసర్ల చేతుల్లో ఎలా ఇరుక్కుందో వేషంలో ఉన్న కుర్రాడు ఉక్రోషంగా చెప్పాడు. కుళ్లిన కూరగాయలు, అందని డబ్బు భరించలేక 1744 డిసెంబర్లో దండు నిజంగానే తిరగబడింది. ఈ ఊళ్లో ఎప్పుడూ వేసవే కాబట్టి ఆ తిరుగుబాటు ఎవరూ ఆడి చూపించరు. కానీ తుపాకీ మోత కోసం ఎగబడే గుంపుని వదిలేసి ఆ మంచాల దగ్గర కాసేపు నిలబడితే, వాళ్లు ఎందుకు తిరగబడ్డారో ఇంకొకరు చెప్పక్కర్లేదు.